పదహారణాల పాటలు.. పైసా ఖర్చు లేదు!

నోకియా 3310 ఫోను గుర్తుందా? 2000వ సంవత్సరంలో బజారులోకి వచ్చింది. ఇటుక ముక్కలా ఉండేది. గట్టు మీద జారిపడినా దుమ్ము దులిపి మళ్లీ మాట్లాడుకునేవారు. అందులో ‘కంపోజర్’ అని ఒకటి ఉండేది. అంకెల మీటలు నొక్కుతూ, ఒక్కొక్క స్వరం పేర్చుకుంటూ నచ్చిన పాటను రింగుగా పెట్టుకోవచ్చు. అయితే దానిది ఒకే గొంతు. రెండు స్వరాలు కలిపి పలికించడం దానివల్ల కాదు. అయినా ఆ ఒంటి గొంతుతోనే సినిమా పాటల పల్లవులు పలికించి మురిసిపోయిన కుర్రకారు తక్కువేమీ కాదు.

అంతకు ముందు టీవీకి తగిలించే వీడియో గేము డబ్బాలు వచ్చాయి. మీసాల మారియో ఎగిరి గంతులేస్తుంటే వెనకనుంచి గిలకలు మోగినట్టు ఒక పాట వస్తుండేది. ఏ వాద్యమో తెలిసేది కాదు. నిజానికి అక్కడ వాద్యమే లేదు. యంత్రంలోని గోరంత చిప్పు విద్యుత్తును వణికించి పుట్టించిన ధ్వని అది.

అలాంటి పాటలకు ‘చిప్‌ట్యూన్’ అని పేరు. ఆ యంత్రాలు అటకెక్కి ఏళ్లు గడిచినా ఆ పాటలు మాత్రం అటకెక్కలేదు. పని కట్టుకుని ఇవాళ్టికీ కొత్త చిప్‌ట్యూన్లు కట్టేవాళ్లు ఎన్నో దేశాల్లో ఉన్నారు. అందుకు వాడే సాధనాన్ని ‘ట్రాకర్’ అంటారు. కంప్యూటరులో పనిచేసే ఈ సాఫ్ట్‌వేరు చాలావరకు ఉచితం. పాత ల్యాప్‌టాప్ ఒకటి ఉంటే చాలు.

ఊరికే దొరికేదే కదా అని చులకన చేయడానికి మాత్రం లేదు. ఎవరి సొమ్ము ఎవరికి ఉచితమైంది అన్న తకరారు దీని వెనక మొదటినుంచీ ఉంది. అది చివరికి కోర్టు మెట్లు కూడా ఎక్కింది.

మూడే గొంతులు

అమెరికాలోని కామడోర్ కంపెనీ 1982లో ‘కామడోర్ 64’ అనే కంప్యూటరును అమ్మకానికి పెట్టింది. ధర 595 డాలర్లు. దాని జ్ఞాపకశక్తి మొత్తం 64 కిలోబైట్లు. ఇప్పటి ఫోనులో తీసే మంచి ఫొటో ఒకటి పట్టాలంటే అలాంటి కంప్యూటర్లు ముప్పై నలభై కావాలి. అంత ఇరుకులోనే ఆట, బొమ్మలు, పాట అన్నీ సర్దుకోవాలి.

పాట బాధ్యత చూసే చిప్పు పేరు ‘సిడ్’. బాబ్ యాన్నెస్ అనే ఇంజనీరు దాన్ని తయారుచేశాడు. సంగీతం మీద మక్కువ ఉన్నవాడు గనుక మిగతా కంప్యూటర్లలో ఉన్న కీచు గొంతుతో సరిపెట్టుకోలేదు. మూడు గొంతులు పెట్టాడు. ఒక్కో గొంతు నాలుగు రకాలుగా పలుకుతుంది. ఒకటి వేణువులా మెత్తన. ఒకటి సన్నాయిలా పదును. ఒకటి తుమ్మెద ముక్కుతో పాడినట్టు. నాలుగోది ఒట్టి హోరు. వాన జల్లులాంటి ఆ హోరును టక్కున మొదలుపెట్టి టక్కున ఆపేస్తే డప్పు దెబ్బ అవుతుంది.

చిక్కంతా దాన్ని పలికించడంలోనే వచ్చింది. పాట తెలిసినవాడికి యంత్రం భాష రాదు. యంత్రం భాష వచ్చినవాడికి పాట తెలియదు. రెండూ పట్టుబడినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. ఇంగ్లండులోని హల్ పట్టణానికి చెందిన రాబ్ హబ్బర్డ్ వాళ్లలో ఒకడు. స్వతహాగా సంగీతకారుడైన హబ్బర్డ్ యంత్రం భాష నేర్చుకుని 1985లో ‘మాంటీ ఆన్ ది రన్’ అనే ఆటకు సంగీతం కట్టాడు. మూడు గొంతులతో కచేరీ చేయించాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. అయితే ఆయన స్వరాలు రాసుకున్నది కాగితం మీద గీతలుగా కాదు, అంకెలుగా. మామూలువాడు చూస్తే పాటని పోల్చుకోవడమే కష్టం.

పశ్చిమ జర్మనీలో క్రిస్ హ్యూల్స్‌బెక్ అనే కుర్రవాడు 1986లో ఈ గోడకు ఒక కన్నం కొట్టాడు. పాటలు కట్టడానికి తాను రాసుకున్న ‘సౌండ్‌మానిటర్’ అనే ప్రోగ్రామును ఒక కంప్యూటరు పత్రికకు ఇచ్చాడు. పత్రిక దాన్ని అక్టోబరు సంచికలో అచ్చు వేసింది. డిస్కు కాదు, క్యాసెట్టు కాదు, పేజీలనిండా అంకెలు! పాఠకులు వాటిని ఇంట్లో కూర్చుని ఓపిగ్గా టైపు చేసుకోవాలి. ఒక్క అంకె తప్పితే మొదటికే మోసం. అయినా చేసుకున్నారు.

పద్దు పుస్తకంలో పాట

అసలు మలుపు 1987 డిసెంబరులో వచ్చింది. కామడోర్ కంపెనీదే ‘అమిగా’ అనే కొత్త కంప్యూటరు అప్పటికి వచ్చి ఉంది. దానికి నాలుగు గొంతులు. పైగా అది నిజం ధ్వనులనే చిన్న ముక్కలుగా దాచుకుని పలికించగలదు. మట్టి పరీక్షకు పొలంలో గుప్పెడు మట్టి తీసినట్టు ధ్వనిలోంచి చిటికెడు తీసుకోవడం అన్నమాట. దాన్నీ ‘శాంపిల్’ అనే అంటారు. తబలా దెబ్బ ఒకటి, వీణ మీటు ఒకటి లోపల పెడితే చాలు. వాటినే ఎక్కువ తక్కువ వేగాల్లో తిప్పి అన్ని స్వరాలూ రాబట్టుకుంటుంది.

కార్స్టెన్ ఒబార్స్కీ అనే జర్మన్ యువకుడు ఆటలకు పాటలు కట్టే పని సులువు చేసుకోవడానికి ఒక ప్రోగ్రాము రాసుకున్నాడు. ఒక కంపెనీ దాన్ని ‘అల్టిమేట్ సౌండ్‌ట్రాకర్’ పేరుతో అమ్మకానికి పెట్టింది. ట్రాకర్ అనే పేరు అక్కడినుంచే పుట్టింది.

దాన్ని తెరిస్తే తెర మీద కనిపించేది సంగీతంలా ఉండదు. కిరాణా కొట్టు పద్దు పుస్తకంలా ఉంటుంది. నాలుగు గొంతులకు నాలుగు నిలువు గడులు. ఒక్కో పేజీలో 64 అడ్డవరసలు. ఏ వరసలో, ఏ గడిలో ఏ స్వరం పలకాలో, అది ఏ వాద్యమో, ఎంత గట్టిగా మోగాలో రాసుకుంటూ పోవడమే. మీట నొక్కగానే పేజీ కిందనుంచి పైకి కదులుతుంది. నడిమిగీత దగ్గరకు వచ్చిన వరస మోగుతుంది. పేజీలు వరసగా పేరిస్తే పాట. పల్లవి పేజీ ఒకసారి రాసుకుంటే చాలు, తిరిగి రావలసిన చోటల్లా దాని నంబరు వేసుకోవచ్చు.

ఇక్కడ మన పెద్దవాళ్లు ఇట్టే పట్టుకోగల సంగతి ఒకటి ఉంది. ట్రాకరులో లెక్క పదుల్లో నడవదు, పదహారుల్లో నడుస్తుంది. 9 తర్వాత ఎ, బి, సి, డి, ఇ, ఎఫ్ వచ్చి, పదహారు పూర్తయ్యాక 10 అని రాస్తారు. కొత్తవాళ్లు బెదిరిపోయేది ఇక్కడే. కానీ 1957కు ముందు రూపాయికి 16 అణాలు. అణాకు నాలుగు పైసలు. వెరసి రూపాయికి 64 పైసలు. ట్రాకరులో ధ్వని బలం కూడా సున్నానుంచి 64 దాకానే. ‘సి40’ అని రాస్తే నాలుగు పదహార్లు అరవై నాలుగు, అంటే నిండు రూపాయి. గొంతు పూర్తిగా విప్పాలి. ‘సి20’ అంటే అర్ధరూపాయి, ‘సి10’ అంటే పావలా. అణాల లెక్క వచ్చిన తాతకు ఈ భాగం నేర్పడం మనవడికంటే తేలిక.

వేగం సంగతీ చెప్పుకోవాలి. ఐరోపాలో టీవీ బొమ్మ సెకనుకు 50 సార్లు మారేది. అమిగా ట్రాకరు ఆ 50నే తాళంగా పట్టుకుంది. మన ఇళ్లకు వచ్చే కరెంటు కూడా సెకనుకు 50 సైకిళ్లే. మామూలుగా ఒక్కో వరసకు ఆరు దెబ్బలు. ఆ లెక్కన 64 వరసల పేజీ ఏడున్నర సెకన్లకు కాస్త పైన నడుస్తుంది. ఎనిమిది పేజీలు రాస్తే నిమిషం పాట.

కొరివి తిప్పినట్టు

నాలుగు గొంతుల్లో ఒకటి డప్పుకు పోయింది. ఒకటి మంద్రానికి పోయింది. ఒకటి పల్లవి పాడుతోంది. మిగిలింది ఒక్కటి. హార్మోనియం మీద మూడు మెట్లు కలిపి నొక్కితే వచ్చే నిండుతనం ఆ ఒక్క గొంతులో ఎలా వస్తుంది?

దీనికి వాళ్లు కనిపెట్టిన చిట్కా చూస్తే ముచ్చటేస్తుంది. చీకట్లో కొరివిని గిరగిరా తిప్పితే నిప్పు చక్రంలా కనిపిస్తుంది కదా. ఉన్నది ఒకే నిప్పు. కన్ను మోసపోతుంది. చెవినీ అలాగే మోసం చేశారు. ఒకే గొంతును స, గ, ప అనే మూడు స్వరాల మధ్య సెకనులో యాభయ్యో వంతుకొకసారి గెంతిస్తారు. వినేవాడికి మూడూ కలిసి మోగుతున్నట్టే ఉంటుంది. ట్రాకరులో ఇది చేయాలంటే స్వరం పక్కన ‘047’ అని రాస్తే సరి. ఉన్న మెట్టు, దానికి నాలుగు మెట్లు పైన, ఏడు మెట్లు పైన అని దాని అర్థం.

అయితే మోసం పూర్తిగా దాగదు. ఆ గెంతులాటలో నీళ్లు బుడబుడమన్నట్టు సన్నటి వణుకు మిగిలిపోతుంది. చిప్‌ట్యూన్ విన్న ప్రతివాడూ ఇట్టే గుర్తుపట్టేది ఆ వణుకునే. గొంతులు చాలక చేసిన సర్దుబాటు కాస్తా చివరకు ఆ సంగీతానికి ఇంటిపేరైంది. ఇప్పుడు ఎన్ని వందల గొంతులైనా ఇవ్వగల యంత్రాలు ఉన్నాయి. అయినా కావాలనే నాలుగే పెట్టుకుని, కావాలనే ఆ వణుకు తెప్పించుకుంటారు.

జాగా విషయంలోనూ అంతే పిసినారితనం. పేజీ ఒకటికి సరిగ్గా 1,024 బైట్లు. వాద్యాలకు శాంపిళ్లను కూడా చిటికెడులో చిటికెడు తీసుకుని, దాన్నే తిప్పి తిప్పి మోగిస్తారు. ఆ విధంగా కట్టిన పాట పది ఇరవై కిలోబైట్లలో ఇమిడిపోతుంది. ఇప్పుడు ఫోనులో వచ్చే మామూలు పాట ఒకటి పట్టే చోట ఇలాంటివి రెండు మూడు వందలు సర్దవచ్చు. అప్పట్లో అమిగా డిస్కులో పట్టేదే 880 కిలోబైట్లు మరి.

దాపరికం లేదు.. దయా లేదు

ఒబార్స్కీ ట్రాకరు వ్యాపారంగా నిలబడలేదు. అమ్మకాలు లేవు. కానీ దాన్ని చేజిక్కించుకున్న కుర్రవాళ్లు ఊరుకోలేదు. ప్రోగ్రామును విప్పి, లోపలి మరలు చూసి, లోపాలు సరిచేసి, కొత్త హంగులు చేర్చి ఉచితంగా పంచేశారు. ఆయన 15 వాద్యాలకే చోటు పెడితే వీళ్లు 31 చేశారు. 1989లో స్వీడన్ కుర్రవాళ్లిద్దరు ‘నాయిస్‌ట్రాకర్’ తెచ్చారు. 1990లో ‘ప్రోట్రాకర్’ వచ్చింది. వీటిని డిస్కుల మీద కాపీ చేసుకుని పోస్టులో పంపుకునేవారు. సెలవులకు ఏదో హాలులో చేరి రాత్రంతా డిస్కులు మార్చుకునేవారు. లక్షల చేతులు మారాయి. మొదట రాసినవాడికి ముట్టింది ఏమీ లేదనే చెప్పాలి. ‘ఉచితం’ అన్న మాట పుట్టుకలోనే ఒకడి నష్టం ఉందని మరచిపోకూడదు.

ఇదే కథ తర్వాతా నడిచింది. ఆస్ట్రేలియాలో జెఫ్రీ లిమ్ 1995లో ‘ఇంపల్స్ ట్రాకర్’ రాసి అందరికీ ఊరికే ఇచ్చాడు. పాటను ఫైలుగా దించుకునే చిన్న అదనపు భాగానికి మాత్రం డబ్బు అడిగాడు. ఆ కాస్తా కాపీ కొట్టి పంచేశారు. విసుగెత్తి ఆయన పని ఆపేశాడు. అయినా మనసు కష్టపెట్టుకుని తాళం వేసుకుని కూర్చోలేదు. 2014లో మొత్తం ప్రోగ్రాము రాతనే లోకానికి ఇచ్చేశాడు.

పాటలకూ దాపరికం లేదు. ట్రాకరులో కట్టిన పాటను పంపితే కేవలం వినడానికి పంపినట్టు కాదు. పద్దు పుస్తకం మొత్తం పంపినట్టే. అందుకున్నవాడు తెరిచి ఏ వరసలో ఏం రాశారో, డప్పు ఎక్కడ పడిందో, ఆ వణుకు ఎలా తెప్పించారో చూసుకోవచ్చు. శాంపిళ్లు కూడా అందులోనే. ఇలా విప్పి చూస్తూనే ఊరూ పేరూ తెలియని గురువుల దగ్గర వేలమంది విద్య నేర్చుకున్నారు. మన దగ్గర పద్యనాటకాల హార్మోనిస్టు దగ్గర చేరితే తిత్తి ఊదడంతోనే ఏడాది గడిచేది. ఇక్కడ గురువు రహస్యమంతా మొదటి రోజే బట్టబయలు!

పేరు నిలుపుకోవడానికి వాళ్లు ఒక ఉపాయం చేశారు. ఒక్కో వాద్యానికి పేరు పెట్టుకోవడానికి 22 అక్షరాల జాగా ఉంటుంది. అక్కడ వాద్యం పేరుకు బదులు తమ పేరు, ఊరు, స్నేహితులకు శుభాకాంక్షలు, పాట ఎప్పుడు కట్టిందీ రాసేవారు. స్టీలు గిన్నెల మీద పేరు చెక్కించుకున్నట్టే. గిన్నె ఏ ఇంటికి అరువు వెళ్లినా ఎవరిదో తెలుస్తుంది. తెలిసినంత మాత్రాన తిరిగి వస్తుందన్న పూచీ లేదనుకోండి.

కోర్టుకెక్కిన పాట

ఫిన్లండులో 1992 నుంచి ‘అసెంబ్లీ’ అనే సంబరం జరుగుతోంది. కంప్యూటరు బొమ్మలు, పాటలు కట్టేవాళ్లు అక్కడ చేరి పోటీలు పడతారు. 2000 ఆగస్టులో పాతకాలం యంత్రాల పాటల పోటీలో యాన్నె సునీ అనే ఫిన్లండు యువకుడికి మొదటి బహుమతి వచ్చింది. పాట పేరు ‘యాసిడ్‌జాజ్డ్ ఈవినింగ్’. నాలుగు గొంతుల అమిగా పాట. గ్లెన్ రూనె గల్లెఫాస్ అనే నార్వే వ్యక్తి దాన్ని మూడు గొంతుల కామడోర్ 64కు తగ్గట్టు మళ్లీ కట్టాడు. 2002 ఆగస్టులో ఆస్ట్రేలియానుంచి వచ్చే ఒక డిస్కు పత్రికలో అది వెలువడింది. ఇచ్చినవాళ్లు డబ్బు అడగలేదు, విన్నవాళ్లు ఇవ్వలేదు.

2006లో కెనడా గాయని నెల్లీ ఫుర్టాడో ‘లూజ్’ అనే ఆల్బం విడుదల చేసింది. అందులోని ‘డూ ఇట్’ అనే పాట సంగీతం అచ్చం ఆ చిప్‌ట్యూన్‌లా ఉందని 2007 జనవరిలో ఇంటర్నెట్‌లో గగ్గోలు పుట్టింది. రెండు పాటలనూ పక్కపక్కన పెట్టి వినిపించారు. ఆ పాటకు సంగీతం సమకూర్చినవాడు అమెరికాలో పేరుమోసిన టింబలాండ్. హక్కులు తనకు దఖలు పడ్డాయంటూ కెర్నెల్ రికార్డ్స్ అనే ఫిన్లండు కంపెనీ అమెరికాలోని ఫ్లోరిడా కోర్టులో దావా వేసింది.

ఇద్దరి పాటలూ వినిపించి, ఎవరిది ఎవరు తీసుకున్నారో తేలుస్తారని అందరూ అనుకున్నారు. దావా అంతదూరం వెళ్లలేదు. కాగితం దగ్గరే ఆగిపోయింది.

అమెరికా చట్టం ప్రకారం ఆ దేశపు రచన అయితే దావా వేసేముందు కాపీరైటు ఆఫీసులో రిజిస్టరు చేయించాలి. పరాయి దేశపు రచనకు ఆ నిబంధన లేదు. మరి ఈ పాట ఏ దేశానిది? కట్టినవాడు ఫిన్లండు, మళ్లీ కట్టినవాడు నార్వే, వెలువడింది ఆస్ట్రేలియా పత్రికలో. ఇంటర్నెట్‌లో పెట్టిన పాట ఒకేసారి అన్ని దేశాల్లోనూ వెలువడినట్టే గనుక అమెరికాలోనూ వెలువడినట్టే, కాబట్టి రిజిస్ట్రేషను తప్పనిసరి అంది కింది కోర్టు 2011లో. పై కోర్టు 2012 సెప్టెంబరులో ఆ తర్కాన్ని యథాతథంగా ఒప్పుకోలేదు. కానీ మొదట ఎక్కడ, ఏ రూపంలో వెలువడిందో, రిజిస్ట్రేషను ఎందుకు అక్కర్లేదో దావా వేసినవాళ్లు రుజువు చేసుకోలేకపోయారంది. తీర్పు మారలేదు. పాట కాపీయా కాదా అన్న అసలు ప్రశ్నకు ఆ కోర్టుల్లో జవాబు రాలేదు.

పట్టా పాసుపుస్తకం లేక పొలం పోగొట్టుకున్నవాడి గోడు మన జిల్లాల్లో కొత్త కాదు. సాగు చేసింది ఎవరన్నది ఊరందరికీ తెలుసు. కాగితం మాత్రం కనిపించదు. ఊరికే పంచడం వేరు, హక్కు వదులుకోవడం వేరు. ఈ తేడా చెప్పే కాగితం ఒకటి ముందే రాసుకుని ఉంటే దావా ఏ మలుపు తిరిగేదో!

భారతదేశంలో 1957నాటి కాపీరైటు చట్టం ప్రకారం పాట కట్టినప్పుడే హక్కు పుడుతుంది. రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. అయితే చేయించుకుంటే రేపు తగాదా వచ్చినప్పుడు సాక్ష్యంగా నిలుస్తుంది. జానపదం పాడేవాళ్లు, యూట్యూబులో పాటలు పెట్టే కుర్రవాళ్లు కూడా తెలుసుకోవలసిన సంగతి ఇది.

అన్నట్టు, ఈ పోటీలు, ఈ పాటలు పెరిగిన ఆ మొత్తం సంప్రదాయాన్ని ఫిన్లండు 2020లో తన దేశపు సాంస్కృతిక వారసత్వ జాబితాలోకి ఎక్కించుకుంది. మరుసటి ఏడాది జర్మనీ కూడా అదే పని చేసింది. డిస్కులు కాపీ కొట్టుకునే ఆకతాయిలని ఒకప్పుడు ముఖం చిట్లించినవాళ్ల పిల్లలే ఇప్పుడు గౌరవిస్తున్నారన్నమాట.

మన రాగం, మన తాళం

ఇవాళ మొదలుపెట్టాలంటే అమిగా కోసం వెతకనక్కర్లేదు. ‘మిల్కీట్రాకర్’ ఉచితం. పాత ల్యాప్‌టాప్ మీద కూడా హాయిగా నడుస్తుంది. విండోస్ కంప్యూటరుకు ‘ఓపెన్ ఎంపీటీ’ ఉంది. 1997లో ఒక ఫ్రెంచివాడు మొదలుపెట్టిన దాన్ని స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లు ఇప్పటికీ పోషిస్తున్నారు. రకరకాల పాతకాలం చిప్పుల గొంతులు అచ్చంగా కావాలంటే 2021లో మొదలైన ‘ఫర్నేస్’ ఉంది. మారియో గేము డబ్బా గొంతు ఒక్కటే చాలనుకుంటే ‘ఫామీట్రాకర్’. ‘సన్‌వాక్స్’ అనేది కంప్యూటరుకు ఉచితం గానీ ఫోనుకు డబ్బు కట్టాలి. వీటికోసం దారిన పోయే సైట్లలో వెతకడం మంచిది కాదు. తయారుచేసినవాళ్ల సొంత సైటునుంచే దించుకోవాలి. ఉచితమని చెప్పి వైరస్ అంటగట్టేవాళ్లకు కొదవలేదు.

మిల్కీట్రాకరులో కంప్యూటరు మీటలే హార్మోనియం మెట్లు. కింది వరసలో జెడ్, ఎక్స్, సి, వి, బి, ఎన్, ఎం నొక్కితే స రి గ మ ప ద ని వరసగా పలుకుతాయి. అది అచ్చంగా శంకరాభరణం. మధ్యలో వి, ఎం వదిలేసి జెడ్, ఎక్స్, సి, బి, ఎన్ నొక్కి, పై వరసలో క్యూ నొక్కితే మోహన రాగం ఆరోహణ. హార్మోనియం మీద చేయి తిరిగినవాడికి గంటలో పట్టుబడుతుంది. ఓపెన్ ఎంపీటీలో మీటల అమరిక వేరుగా ఉంటుంది గానీ మార్చుకోవచ్చు.

ఆది తాళం దీనికోసమే పుట్టిందా అన్నట్టు ఉంటుంది. 64 వరసలను ఎనిమిది అక్షరాలకు పంచితే అక్షరానికి ఎనిమిది వరసలు. మామూలు వేగంలో అక్షరం దాదాపు ఒక సెకను నడుస్తుంది. మిశ్ర చాపు కావాలంటే ఏడెనిమిదులు యాభై ఆరు. యాభై ఆరో వరసలో ‘డి00’ అని రాస్తే పేజీ అక్కడితో తెగి తర్వాతి పేజీ అందుకుంటుంది. మిగిలిన ఎనిమిది వరసలు ఖాళీగా పడి ఉంటాయి.

గమకం దగ్గర మాత్రం చెమటలు పడతాయి. మెట్టు మీద మెట్టులా పలికే హార్మోనియంలో గమకం రాదనే కదా ఆకాశవాణి దాన్ని 1940లో వెలివేసి 1971 దాకా రానివ్వలేదు. ట్రాకరు ఈ విషయంలో హార్మోనియంకంటే ఒక మెట్టు పైనే. ‘3’ అనే గుర్తు రాస్తే ఒక స్వరంనుంచి మరో స్వరానికి జారుతుంది. ‘4’ రాస్తే స్వరం ఊగుతుంది. ఎంత వేగంగా జారాలో, ఎంత ఊగాలో పక్కన అంకె వేయాలి. అలవోకగా గొంతులో పలికే ఒక్క జారుకు నాలుగైదు వరసలు రాసి, విని, చెరిపి, మళ్లీ రాయాలి. తోడి లాంటి రాగం జోలికి మొదట్లోనే పోకపోవడం మేలు. జానపదాలు, కోలాట పాటలు, భజన కీర్తనలు తేలిగ్గా లొంగుతాయి.

కొత్తవాళ్లు చేయదగిన మొదటి పని పాట కట్టడం కూడా కాదు. ‘మాడ్ ఆర్కైవ్’ అనే ఇంటర్నెట్ భాండాగారంలో 1996 నుంచి చేర్చిన ట్రాకరు పాటలు లక్షకు పైగా ఉన్నాయి. నచ్చినదాన్ని దించుకుని, తెరిచి, నాలుగు గడుల్లో మూడింటిని మూసి ఒక్కటే వినాలి. డప్పు ఒక్కటీ ఎలా నడిచిందో తెలుస్తుంది. తర్వాత దాన్ని మూసి ఇంకొకటి. నలుగురు వాద్యగాళ్లను విడివిడిగా పక్కన కూర్చోబెట్టుకుని వాయించమన్నట్టే. వింటూ అంకెలు మార్చి చూస్తే ఏ అంకె ఏం చేస్తుందో నాలుగు రోజుల్లో తెలిసిపోతుంది. అలా నేర్చుకున్నది నేర్చుకున్నంతే. ఆ పాటనో, అందులోని ముక్కనో తన పాటలో కలిపి బయటికి వదలాలంటే మాత్రం కట్టినవాడి అనుమతి కావాలి. ఆయన పేరు ఎక్కడుందో వెతకనక్కర్లేదు. వాద్యాల జాబితా తెరిస్తే అక్కడే రాసి ఉంటుంది.